ఖాళీ అంటే

ఎలీయాజరు ఆరో తరగతితో బడి మానేశాడు. ఎవరూ అడక్కుండానే ఆ సంగతి తానే ముందు చెప్పేసేవాడు. ఎదుటివాడు అనేలోపు తానే అనేసుకుంటే నొప్పి తక్కువని అతని లెక్క. ఖిదిర్‌పూర్ ఓడల డాకులో మూటల కింద నడుం పడిపోయాక, గార్డెన్ రీచ్‌లో ఒక గోదాం కంపెనీ అతన్ని దయతలచి గేటు ఆఫీసులో కూర్చోబెట్టింది. దయ అని వాళ్ళే అనేవారు. చర్చిలో ఆదివారం తెలుగు వాక్యం చదివేది అతనే గనక, తెలుగులో ఏం రాయాల్సి వచ్చినా అతని బల్ల మీదికే వచ్చేది.

ఆమధ్య కంపెనీ పనుల వరసంతా కంప్యూటరుకి అప్పజెప్పింది. ఏ లారీ ముందు తూకానికి వెళ్ళాలి, ఏ సరుకు ఎప్పుడు దించాలి, అంతా అదే చూసుకుంటుంది. క్రేన్లకొక పూల్, ఫోర్క్‌లిఫ్టులకొక పూల్, చేత్తో మూటలు దించే గ్యాంగుకొక పూల్. ఒక్కో పూల్‌కి, అంటే ఒక్కో పని జట్టుకి, రోజుకి ఇన్ని చోట్లని హద్దు. హరిచందన అనే వరంగల్ పిల్ల దాన్ని నడిపిస్తుంది. ఆమె ఒక్క వరస టైపు చేస్తే చాలు, పూల్స్ అన్నీ పట్టీలా వచ్చి పడతాయి: పేరు, మొత్తం, నిండినవి, ఖాళీ. పొద్దున్నే ఆ పట్టీ గ్యాంగుల్ని నడిపే సర్దార్ల ఫోన్లకి పోతుంది. దాన్ని ఎలా చదువుకోవాలో తెలుగులో ఒక కాగితం రాసిమ్మని ఆమె ఎలీయాజరుని అడిగింది.

మూటల గ్యాంగులో అందరూ తెలుగువాళ్ళే. సర్దారు బైరాగి, ఎలీయాజరు భార్య అచ్చమ్మకి తమ్ముడు. ఈ నెల చోట్లు నిండకపోతే ఆ పూల్ ఎత్తేసి పని ఫోర్క్‌లిఫ్టులకి ఇచ్చేస్తామని మేనేజరు అప్పటికే అనేశాడు. అందుకే ఎలీయాజరు ఆ కాగితాన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు.

హరిచందన చదివి, ఒకచోట ఆగింది. "అంకుల్, ఇక్కడ 'ఖాళీ ఎంత ఉందో చూసుకుని ఆ ప్రకారం రావలెను' అని రాసిన్రు. 'ఇంకా మనుషులు కావాల్సిన చోట్లు' అని వివరంగా రాస్తే మంచిగుంటది కదా?"

అంకుల్ అన్న మాటకే అతనికి మండింది. "నువ్వు ఇంజినీరువమ్మా. నేను ఆరో క్లాసోణ్ణి. కానీ మావోళ్ళకి ఏ మాట ఎక్కుతాదో కూడా నువ్వే నాకు సెప్పాలేటి?"

"మీ ఇష్టం అంకుల్," అంది ఆమె, నొచ్చుకుని.

కాగితం గేటు పక్కన గోడకెక్కింది. బైరాగి దాని ముందు నిలబడి నవ్వాడు. "పూలేటి బావా? బంతిపూలా, సేమంతిపూలా?"

"ఏడిసినావులే. సదువుకుని టయానికి రండి."

వాళ్ళు రాలేదు. పట్టీలో ఖాళీ ఎక్కువగా కనిపించిన రోజుల్లో ఒక్కడూ గేటు దగ్గరికి రాలేదు. తాగి పడుకున్నారనుకున్నాడు ఎలీయాజరు. తర్వాత ఒక రోజు మేనేజరు విసిగి బయటి మనుషుల్ని పెట్టుకుంటే ఖాళీ సున్నా అయింది. సరిగ్గా ఆ రోజే గ్యాంగంతా తలగుడ్డలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గేటు దర్వాను "జాగా నేయ్ దాదా", చోటు లేదంటూ తోసేశాడు. మళ్ళీ వారం అదే తంతు. కిటికీలోంచి చూసి ఎలీయాజరు పళ్ళు కొరుక్కున్నాడు. మొద్దులు, రాసిపెట్టినా చదవరు. లేచి వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. తన రాత మీద అంత నమ్మకం.

నెల తిరిగిన పొద్దున పట్టీలో ఒక వరస తక్కువైంది.

"మూటల పూల్ కనబడదేటి? మిషను పాడయిందేటి?"

"పాడవలే అంకుల్. ఉన్నయే చూపిస్తది అది. సారు నిన్న ఆ పూల్ తీసేయించిండు. నెలల శానా రోజులు నిండలే కదా."

"మళ్ళీ పెట్టీ తల్లీ. నేను ఆళ్ళని తీసుకొస్తాను."

"నా చేతుల లేదంకుల్." ఆమె తల దించుకుంది.

అతను కుంటుకుంటూ ఏక్‌బాల్‌పూర్ టీ కొట్టుకి వెళ్ళాడు. గ్యాంగు అక్కడే ఉంది. బైరాగిని పక్కకి లాగాడు. "మీ పూల్ పీకీసినారు. పనున్న రోజు పడుకుని, లేని రోజు వొస్తారేట్రా? సిగ్గునేదేటి?"

బైరాగి తెల్లబోయాడు. "నీ కాగితం సూసే గదా బావా నడుసుకున్నాం! ఖాళీ పది అంటే, పదిమంది ఆడ పనినేక కూకున్నట్టే గదా. ఆల్ల మీద మేం కూడా ఎల్లి ఏటి సేస్తాం? సున్నా అన్న రోజు, అందరూ పనిలో పడిపోనారు, ఇంకా మనుసులు కావాల గాబోలు అని పరిగెట్టుకొచ్చినాం. దర్వానుగాడు తోసీసినాడు. కొత్తోల్లని తెచ్చుకుని మమ్మల్ని దొబ్బెట్టినారనుకున్నాం."

ఎలీయాజరుకి డాకు రోజులు గుర్తొచ్చాయి. డాకు గోడ పక్కన పొద్దున్నే సర్దారు "ఖాళీ కౌన్ హై" అని అరిస్తే, పనిలేనివాళ్ళు చేతులెత్తేవారు. అతనూ ఎత్తినవాడే. అక్కడ ఖాళీ అంటే మనిషి. చోటు కాదు. నాలుగేళ్ళు కుర్చీలో కూర్చునేసరికి ఆ మాట అతని చేతిలో అర్థం మార్చుకుంది.

"తప్పు నాదేరా," అన్నాడు. "ఖాళీ అంటే చోట్లు. మీకోసం ఉన్న చోట్లు."

బైరాగి తిట్టలేదు.

"ఆ పిల్ల రాసుంటే, ఇదేటమ్మా అని అడిగుందుం బావా. నువ్వు రాసినావు గదా అని ఎవుడూ అడగనేదు."

వెళ్ళి గ్యాంగుతో ఏదో చెప్పాడు. వాళ్ళలో ఒక్కడైనా తిరిగి తన మీదికి వస్తాడని, నాలుగు బూతులు తిడతాడని ఎలీయాజరు నిలబడి చూశాడు. మెటియాబ్రుజ్ వైపు బస్సు వచ్చింది. అక్కడ లారీల దగ్గర కూలి దొరుకుతుందేమోనని అందరూ ఎక్కేశారు.