సంగటిని ఎవరూ నమలరు

దగ్గుమందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, ఆ రోజుల్లో మా ఆయన కంచం అదే. ఆ మూతెడు పప్పుకట్టు పోసేదాన్ని, పసిపిల్లాడిలా చప్పరిస్తూ కూర్చునేవాడు. కాసేపాగి ఇంకో మూతెడు వడగట్టిన మజ్జిగ. ఆపరేషన్‌కు ముందు కూర్చున్న చోటే డజను ఇడ్లీలు లాగించిన మనిషి. కుప్పంలో మా మోటార్ల షాపుకు వచ్చేవాళ్లు దేవేంద్ర అని పేరు చెప్పేవాళ్లు కాదు, ‘లావన్న అంగడి’ అంటే చాలు.

మోకాళ్లు అరిగాయి, షుగర్ ముదిరింది. పడుకుంటే గురకలో ఊపిరి ఆగిపోతోందని నేనే పోరి బెంగళూరు తీసుకెళ్లాను. పొట్టలో ముక్కాలు భాగం కోసి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నావైపే చూసి చెప్పింది. పక్షం రోజులు నీళ్లలాంటివే. చిక్కటిదేదైనా దిగితే కుట్లు తెగొచ్చు, తెగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈయనగారేమో ఊళ్లో గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీశారని చెప్పాడు.

“తిండి తగ్గించుకునేకి దుడ్లిచ్చి కడుపు కోయించుకున్యాడంటే మా నాయన ముందర తలెత్తుకుంటానా?” అన్నాడు. ఆయన మాటా నిజమే. మా మామ మునెప్ప ఇంటికి ఎవరొచ్చినా రాగి సంగటి పెట్టకుండా పంపిన మనిషి కాదు. కొడుకు పొట్ట చూసి మురిసిపోయేవాడు. నేను కూడా ఊరుకున్నాను.

మేం ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజే ఆ మామ హఠాత్తుగా పోయాడు. కళ్లం దగ్గర పడిపోయాడట. పుంగనూరు ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

పుంగనూరు పక్కనున్న అత్తగారి ఊరికి వెళ్లాం. ఇల్లంతా జనం. మూత, మజ్జిగ సీసా నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఆయన్ను దొడ్డి వైపు పిలుచుకుపోయి దొంగసారా తాగించినట్టు తాగించేదాన్ని. కొరివి పట్టినప్పుడు, గుండు చేయించుకున్నప్పుడు కళ్లు తిరిగి తూలాడు. దుఃఖం అనుకున్నారు అందరూ. ఒక్క చుక్క కన్నీరు కూడా రాలేదని గమనించింది నేనే.

అసలు గండం దినం నాడు వచ్చింది. మా వాళ్లలో ఆ రోజు పోయినవాళ్ల పేరున ఆకు వేసి, వాళ్లకిష్టమైనవన్నీ వడ్డిస్తారు. కర్మ చేసిన కొడుకు ఆ ఆకులోంచి తొలి ముద్ద తీసుకుని మింగాలి. వాడు మింగేదాకా పంక్తిలో ఎవరూ చెయ్యి పెట్టరు. కొడుకు గొంతు దిగితే పోయినాయన కడుపు నిండినట్టు. మామకిష్టమైనది ఇంకేముంటుంది? సంగటి, నాటుకోడి పులుసు.

బయటివాళ్లకు తెలియకపోవచ్చు గానీ, మా సీమలో సంగటిని ఎవరూ నమలరు. పులుసులో ముంచి గొంతులోకి జార్చేస్తారు. పళ్లు రాకముందే గొంతుకు ఆ అలవాటు వచ్చేస్తుంది.

ముందురోజే మామ తమ్ముడు కృష్ణప్పతో చెప్పి చూశాను. మదనపల్లె టమోటా మార్కెట్‌లో మండీ నడిపే మనిషి, పదిమందిని అదిలించి మాట్లాడటం అలవాటు.

“ఆయన తినకూడదు చిన్నమామా. డాక్టరమ్మ గట్టిగా సెప్పింది.”

“రాళ్లు తీయించుకున్యోళ్లను మేం సూడలేదామ్మా? మా మండీలో మునికృష్ణ మూడో దినమే బిర్యానీ తిన్యాడు. ఒక్క ముద్దకు ఏమయితాది? మా అన్నను పస్తు పంపిస్తారా?”

నిజం చెప్పేద్దామని మా ఆయన కాళ్లావేళ్లా పడ్డాను. తల అడ్డంగా ఊపాడు. “అమ్మ ఇంటాది. నాయన పొయ్యి పదినాళ్లు గూడా కాలేదు. ఇప్పుడీ సంగతి యాల? నోట్లో పెట్టుకోని దౌడకు నొక్కి పెడతా. అందరూ తినేకి మొదలుపెట్టినాక దొడ్లోకి పొయ్యి ఉమ్మేస్తా.”

అదేదో ఘనకార్యమైనట్టు చెప్పాడు. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఆ భయంతోనే ఒప్పుకున్నాను.

పంక్తి కూర్చుంది. ఆయన ముద్ద చేసి, పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గ కాస్త ఉబ్బింది. నేను ఆయన గొంతు తప్ప ఇంకేమీ చూడలేదు. అది కదలలేదు. “మింగినావా అబ్బయ్యా?” అని కృష్ణప్ప అడిగితే తలూపాడు. అందరూ ఆకుల్లో చేతులు పెట్టారు. నేను ఖాళీ చెంబు తీసుకుని దొడ్డి గడపలో నిలబడ్డాను.

ఆయన లేవబోయాడు. పక్కన కూర్చున్న పెద్దాయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. మామతో కలిసి పుంగనూరు సంతకు ఎద్దులు తోలిన మనిషి. పాపం, ఆయనకేం తెలుసు?

“నిన్ను తొడ మీద కూసోబెట్టుకోని నీకొక ముద్ద, తనకొక ముద్ద. నువ్వు మింగితే గానీ మీ నాయన మింగేవాడు కాదప్పా,” అన్నాడు.

అప్పుడు వచ్చింది మా ఆయనకు ఏడుపు. ఇన్నాళ్లూ రానిది, వెక్కి ఒక్కసారిగా వచ్చింది. ఆ వెక్కుతో పాటు గొంతు పైకి లేచి కిందికి దిగింది. తల తిప్పి నావైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. నా చేతిలో చెంబు అలాగే ఉంది.

పంక్తి లేవకముందే నొప్పి మొదలైంది. ముందు పొట్టలో, తర్వాత ఎడమ భుజంలోకి పాకింది. ఒళ్లంతా చెమటలు. బెంగళూరుకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు, దారిలో చుక్క నీళ్లు కూడా పట్టొద్దన్నారు. కృష్ణప్పే కారు తీశాడు. వెనక సీట్లో ఆయన తల మా అత్త సుభద్రమ్మ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. ఆ బరువైన కాళ్లు పట్టుకుని, ఈ బరువు ఎందుకు పోవాలనుకున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ముళబాగిలు దగ్గర అత్త అడిగింది. “ఏం ఆపరేషనమ్మా అది? రాళ్లు కాదు గదా.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను చెప్పేశాను, మొత్తం. కృష్ణప్ప మెడ వెనక చెమట కారుతూ కనిపిస్తోంది.

“మీ మామ బతికినన్నాళ్లూ కడుపునిండా తిన్యాడు గదమ్మా,” అంది అత్త చివరికి. “ఒక్క పూట పస్తుంటే ఆయప్పకు ఏమయ్యేది?”

నేను ఆయన కాళ్లను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

ఆయన నీళ్లడిగాడు. ఇవ్వలేను. కొంగు తడిపి పెదాలు అద్దాను. ఆ తడి కోసం ఆయన నాలుక బయటికి వస్తుంటే చూడలేక కిటికీ వైపు తిరిగాను.

అత్త ఆయన గడ్డం కింద అరచెయ్యి దోసిలిలా పట్టింది, మట్టి తిన్న పిల్లాడికి పట్టినట్టు.

“ఉమ్మెయ్ నాయనా,” అంది. “ఏమీ కాదు. నా సేతిలోకి ఉమ్మెయ్.”

ఆయన తల్లి చెప్పినట్టే నోరు తెరిచాడు. నోట్లో ఏమీ లేదు.