దానయ్య పదకొండు నిమిషాలు

దానయ్య గొంతు పోర్ట్ బ్లెయిర్‌లో చాలామందికి తెలుసు. ఇరవై రెండేళ్లు జెట్టీ మైకులో బోట్ల రాకపోకలు చెప్పాడు. ముందు హిందీలో, తరవాత బెంగాలీలో, ఎవరూ అడగకపోయినా ఆఖరున తెలుగులో. యాభై నిండకముందే కండరాలను చచ్చుబరిచే నరాల జబ్బు పట్టుకుంది. మొదట చేతులు పోయాయి, తరవాత కాళ్లు, నిరుడు వేసవికి మాట. మనసు మాత్రం చెక్కుచెదరలేదు.

చెల్లెలు ప్రమోద బెంగుళూరులో శాస్త్రవేత్త. కరెంటును మోసే మెత్తటి ప్లాస్టిక్ మీద ఆమె పరిశోధన. మనిషి మాట్లాడబోతే, మాట బయటికి రాకపోయినా, దవడ కండరాల్లో సన్నని విద్యుత్తు కదులుతుంది. ఆ ప్లాస్టిక్‌తో చేసిన, ఉల్లిపొర కన్నా పల్చని ఫిల్మును చెంపకు అంటిస్తే అది ఆ కదలికను పట్టి కంప్యూటరుకు పంపుతుంది. అన్న మీద ప్రయత్నించి చూడటానికి ఆమె పనిచేసే సంస్థ అనుమతి ఇచ్చింది. దానయ్య కనురెప్పలు ఆర్పి సరేనన్నాడు. అతని భార్య బేబీరాణి సంతకం పెట్టింది. జూన్‌లో ప్రమోద పెట్టెలతో డెలానీపూర్‌లోని వాళ్ల ఇంట్లో దిగింది.

బెంగుళూరులో రోజంతా అంటుకుని ఉండే ఫిల్ము, ఇక్కడి ఉక్కకూ చెమటకూ గంటలోనే ఉబ్బి ఊడిపోయేది. మూడు వారాలు తంటాలు పడి దాని కింద ఇంకో పొర వేసింది. అప్పుడు నిలిచింది. రోజూ పొద్దున కాసేపు కూర్చుని నాలుగు మాటలు నేర్పింది: నీళ్లు, నొప్పి, చాలు, బేబీ. అతను అనబోతే కంప్యూటరు పలికేది. ఎవరిదో ముక్కుగొంతు. అయినా అది మొదటిసారి "బేబీ" అన్నప్పుడు బేబీరాణి పిండి చేతులతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"పిలిచినావా? క్యా హువా?"

దానయ్య కళ్లు నవ్వాయి. పని ఏమీ లేదు, ఊరికే పిలిచాడు.

ఆగస్టులో ఒకరోజు పొద్దున ప్రమోద కొత్త ఫిల్ము అంటించి, అన్న కాస్త నిద్రపోతాడని స్పీకరు ఆపి, కంప్యూటరు తెర మూసి, మందుల కోసం మిడిల్ పాయింట్ బజారుకు వెళ్లింది. బేబీరాణి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. రికార్డింగు నడుస్తూనే ఉంది. ఆ సాయంత్రమే దానయ్యకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నాలుగో రోజు ఆసుపత్రిలో పోయాడు.

పెద్దకర్మ అయ్యాక ప్రమోద ఫైళ్లు తెరిచింది. ఆ పొద్దుటి రికార్డింగు దగ్గర ఆగింది. ఇన్నాళ్లలో అంత స్పష్టమైన సిగ్నలు ఎప్పుడూ రాలేదు. పదకొండు నిమిషాలు, ఒకదాని వెంట ఒకటి, గీతలు లేచి పడుతున్నాయి. వెనక నిలబడి బేబీరాణి కూడా చూసింది.

"ఇదేటి?"

"అన్నయ్య మాట్లాడాడు వదినా. మనం గదిలో లేనప్పుడు."

"ఏటన్నాడు?"

"తెలీదు."

"నీ మిషన్‌కి తెలీదా?"

"దానికి నాలుగు మాటలే నేర్పాను. ఇవి ఆ నాలుగూ కావు."

బేబీరాణి మంచం పట్టె మీద కూలబడింది. "స్పీకర్ ఎందుకు బంద్ సేసినావు?"

"ఉన్నా ఏమీ పలికేది కాదు వదినా."

"పలక్కపోతే పోనీ. తెర తెరిసుంటే గీతలైనా కనిపించును గదా. ఒచ్చి పక్కన కూకుందును గదా."

ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చని ప్రమోదకు తోచింది. 'నిన్నే తలిచాడు' అంటే వదిన నమ్మేది. నోరు రాలేదు.

రెండు రోజులు ప్రమోద పెట్టెలు సర్దుకుంది. బయలుదేరే పొద్దున బేబీరాణి టిఫిను డబ్బా చేతికిస్తూ అడిగింది.

"ఇయన్నీ అందరికీ సూపిస్తావా?"

"పేరు ఉండదు వదినా. వ్యాసంలో 'ఒక రోగి' అని రాస్తాం."

"మిగిలినయి రాసుకో. ఆ పదకొండు నిమిషాలు మాత్రం ఒద్దు. అది నాకు సెప్పిందో, దేవుడికి సెప్పిందో. బయటోళ్లకి మాత్రం సెప్పలేదు."

ప్రమోద తల ఊపింది. కొత్త పొర పనిచేస్తుందనడానికి ఆమె దగ్గరున్న గట్టి రుజువు అదొక్కటే. బెంగుళూరులో ప్రొఫెసరు రెండుసార్లు నచ్చజెప్పి చూశాడు. "కుటుంబం ఒప్పుకోలేదు సార్" అని ఊరుకుంది. ముప్ఫైతొమ్మిది రికార్డింగుల్లో ముప్ఫైఎనిమిదే లెక్కలోకి వచ్చాయి. ఫలితాలు బలహీనంగా ఉన్నాయని పరిశోధన వ్యాసం తిరిగొచ్చింది. ఆ గీతలను వీడియోగా చేసి వదిన ఫోనుకు పంపి, తన దగ్గరున్న ఫైలు తీసేసింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం బేబీరాణి ఫోను చేసింది.

"ప్రమోదా, రోజూ సూస్తన్నాను. మధ్యలో ఒకసోట గీత ఆగిపోద్ది. మళ్లీ లేస్తాది. అక్కడ ఊపిరి తీసుకున్నాడేటి?"

ప్రమోదకు ఆ చోటు తెలుసు. నాలుగు సెకన్లు. ఊపిరి కోసమో కాదో గీతను బట్టి చెప్పలేం.

"అవును వదినా," అంది. "అక్కడ ఆగాడు."

అవతల బేబీరాణి చాలాసేపు ఏడ్చింది. ప్రమోద ఫోను పెట్టెయ్యలేదు.