ఐదు వాల్వుల రేడియో

బాగేపల్లి బజారువీధిలో వెంకటేశప్ప తన కిరాణా అంగడికి సున్నం వేయించేటప్పుడు అటక మీది సామానంతా కిందికి దింపించాడు. తుప్పు పట్టిన డబ్బాల వెనక గోనెపట్టాలో చుట్టిన రేడియో ఒకటి బయటపడింది. వాళ్ళ నాన్న కాలంలో వీధి జనం అంగడి ముందు నిలబడి వార్తలు విన్న రేడియో అది. టేకు చెక్క పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, కింద పొడుగాటి గాజు డయలు. పారేయడానికి ఆయనకు మనసు రాలేదు. గల్లాపెట్టె పక్కన పెడితే అందంగా ఉంటుందనుకొని, ఎదురుగా మొబైల్ రిపేరీ అంగడి నడిపే పురుషోత్తమ్‌ను పిలిచి చూపించాడు.

"లోపలుండేదంతా పీకేసి బ్లూటూత్ స్పీకరు పెడతానప్పా. మీ ఫోన్లో పాటలు దీంట్లోనే వస్తాయి. పైకి పాతదాని మాదిరే ఉంటాది," అన్నాడు పురుషోత్తమ్.

"అట్లే చెయ్యప్పా."

ఇద్దరికీ మజ్జిగ తెచ్చిన వెంకటేశప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ ఆ మాట విని వాకిట్లోనే ఆగింది.

"పీకేది వద్దు. ముందు యాడ చెడిందో చూస్తాం."

"చూసేది ఎవరే?" అన్నాడు వెంకటేశప్ప నవ్వుతూ.

"నేనే."

పెళ్ళికి ముందు ఆమె బెంగళూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి ఒక రేడియో ఫ్యాక్టరీలో పనిచేసిందని ఆయనకు తెలుసు. పెట్టెలు సర్దే పనో, చీటీలు అంటించే పనో అయి ఉంటుందనుకున్నాడు. నిజానికి తయారై వచ్చిన సెట్లలో పలకనివాటిని ముందు పెట్టుకొని లోపం కనిపెట్టడం ఆమె పని. పెళ్ళయ్యాక అంగడి, పిల్లలు, అత్తగారి జబ్బు. ఆ సంగతి చెప్పుకొనే సందర్భమే రాలేదు.

రేడియోను వెనక గదిలో బల్ల మీద పెట్టి అట్ట మూత విప్పారు. సున్నం బ్రష్షుతో ఆమె దుమ్మూ బొద్దింకల రెక్కలూ ఊడ్చేసింది. లోపల చిన్న బల్బుల్లాంటి ఐదు గాజు వాల్వులు బయటపడ్డాయి. వెంకటేశప్ప వైరు తీసుకొని ప్లగ్గులో పెట్టబోయాడు.

"ఉండండి! ఇన్నేండ్లు నిద్రపోయినదాన్ని అట్ల ఒక్కసారి లేపకూడదు. పురుషోత్తమా, పాతకాలం బల్బు ఒకటి దీనికి ముందు తగిలించు. లోపల షార్టు ఉంటే బల్బు గట్టిగా వెలుగుతాది, రేడియో కాలిపోదు."

"చార్జర్లకి నేనూ ఇదే చేస్తానమ్మా," అన్నాడు పురుషోత్తమ్ ఉత్సాహంగా. తన అంగడి నుంచి బల్బు, మీటరు, సోల్డరింగ్ ఐరన్ అన్నీ తెచ్చుకున్నాడు.

స్విచ్చి వేయగానే బల్బు భగ్గుమని వెలిగింది. వెంటనే ఆపేశారు. సుబ్బలక్ష్మమ్మ కళ్ళజోడు సర్దుకొని, ఒక మూల ఉబ్బిపోయి ఉన్న కండెన్సరును చూపించింది. పురుషోత్తమ్ మీటరు పెట్టి చూసి అవునన్నాడు. ఇన్వర్టరు బోర్డు నుంచి తీసిపెట్టుకున్న కండెన్సరు అతని దగ్గర ఉంది. దాన్ని అతను అతికించాడు, ఎక్కడ అతకాలో ఆమె చెప్పింది.

ఈసారి బల్బు ఒక్క క్షణం వెలిగి మందగించింది. వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడసాగాయి. వెంకటేశప్ప స్పీకరు దగ్గర చెవి పెట్టాడు. చప్పుడు లేదు.

సుబ్బలక్ష్మమ్మ స్క్రూడ్రైవరు మొనతో వాల్యూము మీట వెనక ఒకచోట తాకించింది. స్పీకరు బుర్రుమంది.

"గొంతు బాగుండాది. స్టేషన్ పట్టే చెవులే పనిచేయలే," అంది. వంగి చూస్తే చివరి వాల్వు వెలగడం లేదు.

స్విచ్చి ఆపారు. వెంకటేశప్ప ఆత్రంగా ఆ వాల్వు కోసం చెయ్యి లోపలికి పెట్టబోయాడు. ఆమె ఆ చేతిని చటుక్కున కొట్టింది. ఆయన అదిరిపడ్డాడు. ఆమె స్క్రూడ్రైవరును కొత్త కండెన్సరు కాళ్ళకు అడ్డంగా పెట్టింది. టప్పుమని నిప్పురవ్వ ఎగిరింది.

"ఆపినాక కూడా దాంట్లో కరెంటు ఉంటాది. ఇప్పుడు తీయండి."

వెంకటేశప్ప చెయ్యి వెనక్కి తీసుకొని, "నువ్వే తియ్యి," అన్నాడు మెల్లగా.

ముగ్గురూ నవ్వుకున్నారు.

"ఇట్లాంటి వాల్వు ఇప్పుడు యాడ దొరుకుతాదమ్మా?" అన్నాడు పురుషోత్తమ్.

"ముందు తీగ తెగిందేమో మీటరు పెట్టి చూడు."

తెగలేదు. వాల్వు కాళ్ళకు నల్లగా కిలుము పట్టింది, అంతే. ఆమె గరుకు ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, అవి దూరే రంధ్రాలను సూదితో గీకి, మళ్ళీ కూర్చింది. పురుషోత్తమ్ ఒక పొడుగాటి వైరును ఏరియల్‌గా కిటికీలోంచి మిద్దె మీదికి లాగాడు.

ఈసారి ఐదూ వెలిగాయి. ఆమె డయలు తిప్పింది. అంతా గరగర.

"లైట్లు ఆపండి. ఈ ఎల్ఈడీల గోలే ఇదంతా."

గదిలో, అంగడిలో లైట్లన్నీ ఆర్పేశారు. గరగర తగ్గింది. సాయంకాలపు మసక వెలుతురులో డయలు పసుపుపచ్చగా కనబడింది. ఎక్కడో దూరం నుంచి ఒక గొంతు తేలి వచ్చి, దగ్గరై, నిలిచింది. బెంగళూరు ఆకాశవాణి. ఎవరో కన్నడంలో టమాటా తోటకు వచ్చే తెగులు గురించి చెబుతున్నారు. టమాటా మడి ముఖం చూడని ముగ్గురూ ఆ మందుల పేర్లు పురాణం విన్నంత శ్రద్ధగా విన్నారు.

"బ్లూటూత్ వద్దులేప్పా," అని పురుషోత్తమ్ మీటరు సర్దుకున్నాడు. "అమ్మా, ఇట్లాంటి రేడియో ఇంకోటి యాడన్నా దొరికితే తెస్తా. నాకు నేర్పియ్యాల."

"తే నాయనా."

అతను వెళ్ళాక వెంకటేశప్ప రేడియోను వదిలి భార్య వైపు తిరిగాడు.

"ఇంత పని తెలిసినదానివి, ఒక్కసారన్నా చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదా. నేనూ మరిచిపోయినాననే అనుకొన్నా," అంది ఆమె చేతి మసి కొంగుకు తుడుచుకుంటూ. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ముఖం మాత్రం కళకళలాడుతోంది.

"బెల్లం ఉండాదాప్పా?" అని అంగడి ముందు ఎవరో పిలిచారు.

"కొంచేపు ఉండప్పా, వస్తాండా," అని కేకేసి, వెంకటేశప్ప ఒక బియ్యం మూటను లాక్కొని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ ఫ్యాక్టరీలో ఇంకా ఏమేం చేస్తాంటివో మొదట్నుంచీ చెప్పు."

సుబ్బలక్ష్మమ్మ రేడియో శబ్దం కాస్త తగ్గించి, పొద్దున్నే ఆడపిల్లలంతా ఎక్కే బస్సు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.