వంట వంతుల కాగితం

ఆ శుక్రవారం ఇంట్లో నలుగురం ఉన్నాం: అమ్మ, నేను, పక్క గదిలో అద్దెకుండే రుబీనా అక్క, నాగమల్లేశ్వరి అత్తయ్య. నాన్న ఊరి బయట అస్కర్‌లో ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్ళాడు. ఎవరైనా అడిగితే మాత్రం ముగ్గురమే అని చెప్పాలి.

అత్తయ్య మాకు బంధువు కాదు, మా పక్క ఊరి నుంచి ఈ గల్ఫ్ దేశానికి ఇంటిపనికి వచ్చిన మనిషి. పనిచేసే ఇంట్లో ఆమెను రాత్రిళ్ళు గదిలో పెట్టి తాళం వేసేవారు. ఒకరోజు వాళ్ళు తాళం మరిచిపోతే బయటికి వచ్చేసింది. పారిపోయిందని కఫీల్, అంటే ఆమె వీసా తన చేతిలో ఉన్న ఆ ఇంటి యజమాని, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. తాళం వేసినందుకు అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఒక్క కాగితంతో అత్తయ్య ఎక్కడ నిలబడితే అక్కడ నేరమైంది. ఆమెకు అన్నం పెట్టడం మా నేరమైంది. ఆమె మాట కూడా రాసుకుంటామని ఎంబసీ వాళ్ళు ఆదివారం రమ్మన్నారు. ఈ రెండు రోజులు గడిస్తే చాలు. ఈలోగా దొరికితే పంపేస్తారు, మళ్ళీ ఈ దేశానికి రానివ్వరు.

మా ఇంట్లో వంట వంతులవారీగా చేసుకుంటాం. ఎవరిది ఏ రోజో నేనే రాశాను. రుబీనా అక్కకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇంగ్లీషులో రాశాను.

"నా పేరు కూడా రాయవే. వంతు లేకుండా తింటే నాకు ముద్ద దిగదు. శుక్రవారం నాకియ్యి" అంది అత్తయ్య.

"శుక్రవారం ఇస్తే మనందరికీ పథ్యమే. ఆమెకు ఉప్పు వేసుడు యాదికుండదు" అని రుబీనా అక్క నవ్వింది.

మా ఊరి బడిలో నా దస్తూరికి బహుమతి ఇచ్చారు. నాన్నకు డ్యూటీ కాబట్టి వంతు లేదు. మా నాలుగు పేర్లూ గుండ్రంగా రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బెల్ మోగగానే అత్తయ్య బియ్యం బస్తాల గదిలోకి వెళ్ళింది. యూనిఫారంలో ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి వచ్చారు. మా మూడు గుర్తింపు కార్డులూ చూశారు. వాళ్ళలో పెద్దాయన "ఖలాస్" అని, ఇక పని అయిపోయినట్టు తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడు అమ్మ అలవాటు కొద్దీ అంది, "ఎండన పడి మూడంతస్తులు ఎక్కొచ్చారు. మంచినీళ్ళియ్యవే."

పెద్దాయన నా వెనకే వంటగదిలోకి వచ్చాడు. ఫ్రిజ్ మీది కాగితం చూశాడు. వేలు పెట్టి నాలుగు పేర్లు లెక్కపెట్టాడు. శుక్రవారం పక్కన, మా కార్డుల్లో లేని అత్తయ్య పేరు దగ్గర వేలు ఆగింది. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది.

ఎవరు రాశారని హిందీలో అడిగాడు. పెద్దవాళ్ళు అడిగితే అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. తల ఊపాను.

"చాలా బాగా రాశావు" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు.

నాలుగో మనిషి ఏదని అడిగితే అమ్మ వెళ్ళిపోయిందని చెప్పింది. దాచితే నాన్న వీసా కూడా పోతుందని ఆయన మామూలుగా, ధర చెప్పినట్టు చెప్పాడు.

బస్తాల గది తలుపు దానంతట అదే తెరుచుకుంది.

"వదినా, పులుసు పొంగుతోంది, మంట తగ్గించు" అంటూ అత్తయ్య బయటికి వచ్చింది.

సంచి సర్దుకోనివ్వలేదు. వట్టికాళ్ళతోనే కిందికి తీసుకెళ్ళారు. నేను ఆమె చెప్పులు పట్టుకుని వెనకే పరిగెత్తాను. అప్పటికే ఆమెను వ్యాన్‌లో కూర్చోబెట్టారు.

"నేనే రాశానత్తయ్యా" అన్నాను.

"రాయమన్నది నేనే కదే. పులుసులో ఉప్పు వెయ్యలేదు, లేకపోతే ఆ రుబీనా మళ్ళీ..."

చెప్పులు ఇంకా నా చేతిలో ఉండగానే, యూనిఫారం ఆవిడ వ్యాన్ తలుపు వేసేసింది.