గుల్లపెట్టె

"నాయినా, కారుకు స్పీకరు పెట్టిస్తున్న" అన్నాడు ముత్యం.

"కారుకు ఫికరెందుకు పుట్టింది బిడ్డా?" అని కొమురెల్లి కర్ర పట్టుకుని బయటికి నడిచాడు. ఆ నడకే కొంప ముంచింది.

గోదావరిఖని క్వార్టర్ల లైనులో వార్తకు వైరు అక్కర్లేదు. పొద్దుగూకేలోపల ముత్యం టాక్సీకి ఏదో దిగులు, ఫికరు పట్టుకుందని పదిళ్ళకు తెలిసిపోయింది. ఎదురింటి సమ్మవ్వ నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చుకొచ్చి బంపరుకు కట్టింది. పక్కింటి రాజం వచ్చి అంబాసిడరు చుట్టూ ప్రదక్షిణ చేసి, "అమ్ముతె ముందుగాల నాకు చెప్పు ముత్యమన్నా, టైర్లన్న తీసుకుంట" అన్నాడు. ముత్యం నోరు తెరిచేలోపే భుజం తట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ముత్యానికి తండ్రి మీద కోపం రాలేదు. కొమురెల్లి బొగ్గుగని బాయిలో కూలీల మీద సర్దారుగా చేసి రిటైరైనవాడు. ముప్ఫై ఏండ్లు బొగ్గుకు తూటాలు పెట్టి పేల్చాడు. బొగ్గుతో పాటు వినికిడీ కొద్దికొద్దిగా రాలింది. సర్దారు కదా, సర్దుకున్నాడు. ఎవరేమన్నా "ఆఁ, మంచిది" అనేవాడు. ఓసారి ఎవరో తమ ఇంట్లో చావు కబురు చెబితే కూడా మంచిదే అన్నాడు. ఆ తర్వాత అదీ మానేశాడు. ఒకప్పుడు రేడియోలో డోలు దరువుతో మల్లన్న ఒగ్గుకథ వస్తుంటే పళ్ళెంలో బువ్వ చల్లారిపోయేది. ఇప్పుడు రేడియో పెట్టగానే లేచి పోతాడు. ఇంట్లో మాటలన్నీ ఆయన స్టేజీలో ఆగని బస్సుల్లా వెళ్ళిపోతున్నాయి.

స్పీకరు పెండ్లి బేరాల కోసమని తల్లి సారవ్వకు చెప్పాడు ముత్యం. కడుపులో మాట వేరే. నాయినను ముందు సీట్లో కూచోబెట్టి ఒక్క ఒగ్గుకథ వినిపించాలి. ఆయన తొడ మీద మళ్ళీ దరువు వేస్తుంటే చూడాలి. చేతిలో ఉన్నవి టైర్ల కోసం దాచిన మూడువందలు. ఎంపిక తప్పితే రెండోసారి కొనే తాహతు లేదు.

మర్నాడు తండ్రీకొడుకులు కారు సామాను కొనడానికి రైలెక్కారు. మంచిర్యాల వెళ్ళాలంటే మధ్యలో గోదావరి అడ్డం. కారులో చుట్టు తిరిగిపోతే స్పీకరు డబ్బు పెట్రోలుకే పోతుంది.

రేడియోల దుకాణం అనంతరామ్ పంతులుది. మంథనిలో మంత్రాల ఇంట పుట్టి, వేదానికి బదులు రేడియో వాల్వులు వల్లెవేసినవాడు. వాడినవే అయినా బాగున్న సెట్లు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇనుప హారను, దానికో పెద్ద వాల్వుల ఆంప్లిఫయరు. రెండోది చెక్కపెట్టె స్పీకరు, దానికి చిన్న ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు.

"హారనైతే ఊరంత ఇనవడ్తది గద పంతులూ."

"ఊరికి వినపడుతుంది. కారులో ఉన్నవాడికి తలనొప్పి వస్తుంది. అరుపు వేరు, వినికిడి వేరు ముత్యం. పైగా దీని ఆంప్లిఫయరు నీ బ్యాటరీని మింగేస్తుంది. పాటలయ్యాక పెండ్లికొడుకే దిగి కారు తోయాలె."

"మరి పెట్టె?"

"దీనికి నోరు చిన్నది, కడుపు పెద్దది. మోత తక్కువే గాని డోలు దెబ్బ నిండుగా వస్తుంది. బ్యాటరీ కూడా కొంచమే తాగుతుంది."

పంతులు చెప్పింది ముత్యం చెవికెక్కింది గాని మనసుకెక్కలేదు. చెవుడుకు మోతే మందనుకుని హారను మీద చెయ్యి వేశాడు.

దుకాణం వెనక గోడకు స్పీకరు పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. కొమురెల్లి వాటికేసి చూశాడు. ఒక పెట్టెకు ఎడమ అరచెయ్యి ఆనించి కుడిచేతి కర్రతో తట్టాడు. బాయిలో పనిచేసినవాడికి అది పండ్లు తోముకోవడం లాంటిది. పైకప్పును తట్టి చూడనిదే సర్దారు ఎవర్నీ పనిలోకి రానివ్వడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. గుల్ల కప్పు అరచేతి కింద అదురుతుంది. అదిరిందంటే కూలుతుందనే.

పెట్టె అదిరింది. పక్క పెట్టె తట్టాడు. అదీ అదిరింది.

"గుల్ల ఉన్నది. అందరు బయటికి నడువుండ్రి."

ఎన్నోసార్లు బాయిని ఖాళీ చేయించిన గొంతు అది. దుకాణంలో ఉన్న మిగతా నలుగురూ ఎందుకని అడక్కుండా వీధిన పడ్డారు. కర్ర చంకన ఇరికించుకుని, ముత్యాన్ని ఒక చేత్తో, పంతులును ఇంకో చేత్తో ఈడ్చుకొచ్చి కొమురెల్లి చివర్న నిలబడ్డాడు. పంతులు కాలికి ఒక చెప్పే ఉంది.

"మొత్తం గుల్లనే పంతులూ. గిసొంటి కప్పు కింద దుకాణం ఎట్ల నడుపుతున్నవు?"

పంతులు లోపలికి చూసి, కర్రను చూసి, మెల్లగా అర్థం చేసుకున్నాడు. "స్పీకరు పెట్టె గుల్లగానే ఉండాలె పెద్దాయనా. గట్టిగుంటే పాట పాడదు, కూసునే పీటవుతుంది."

వీధి వీధంతా నవ్వింది. కొమురెల్లికి మాట అందలేదు, నవ్వు మొహాలు మాత్రం కనపడ్డాయి. తల దించుకున్నాడు.

ముత్యం నవ్వలేదు. తండ్రి చెవి దగ్గరికి వంగి, "గుల్లని నీకెట్ల ఇనవడ్డది నాయినా?" అని గట్టిగా అడిగాడు.

"ఇన్నదెవడురా? చెవులు పోయి ఎన్నేండ్లాయె. చెయ్యి చెప్పింది."

ముత్యం తండ్రిని వెంటబెట్టుకుని తిరిగి లోపలికెళ్ళాడు. హారను పక్కకు జరిపి, చెక్కపెట్టెను రేడియోకు కలపమన్నాడు. ఏదో స్టేషనులో డోలు వస్తోంది. తండ్రి అరచెయ్యి తీసి పెట్టె పక్కకు ఆనించాడు. కొమురెల్లి ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయి ఆగాడు. కర్ర చంకలో పెట్టుకుని రెండో చెయ్యీ వేశాడు. కాసేపటికి వేళ్ళు వాటంతటవే కదిలాయి.

"మల్లన్న దరువురా" అన్నాడు, ఎవరో పాత దోస్తు ఎదురుపడ్డట్టు.

పంతులు మూడువందలు తీసుకుని ఒక పాత మైకు ఊరికే ఇచ్చాడు, దుకాణం కూలకుండా కాపాడినందుకని.

తెల్లారి ముత్యం పెట్టెను ముందు సీటు పక్కన బిగించేసరికి లైనంతా పరామర్శకు వచ్చి నిలబడింది. సమ్మవ్వ ఈసారి గుమ్మడికాయ తెచ్చింది. ముత్యం తండ్రి చెయ్యి పెట్టె మీద, చెవి పెట్టెకు దగ్గరగా ఉంచి మైకు అందుకున్నాడు.

"అందరు ఇనుండ్రి. నా కారుకు ఏ ఫికరు లేదు. నేనన్నది స్పీకరు, నాయిన ఇన్నది ఫికరు. నిన్న గుల్లని నాయిన దుకాణం ఖాళీ చేయించింది గూడ గిసొంటి పెట్టెలకే. గుల్లగుంటెనే గివి మోగుతయి."

"అయితె టైర్లు అమ్మవా?" అన్నాడు రాజం నీరసంగా.

అందరికన్నా ముందు నవ్వింది కొమురెల్లి. "స్పీకరా?" అని మళ్ళీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగాడు. "గట్ల ఇంకెన్ని తప్పు ఇన్ననురా గిన్నేండ్లు?"

సారవ్వ వచ్చి కొడుకు చేతిలో మైకు తీసుకుంది.

"గవన్ని ఒక్కొక్కటి మల్ల చెప్తగని, పొద్దెక్కింది. బువ్వ తిందువు రా సర్దారూ."

"వస్తున్న, గంత గట్టిగ ఒర్రకు" అన్నాడు కొమురెల్లి, పెట్టె మీది చెయ్యి తీయకుండా. "ఇనవడ్తున్నది."