గుండె చోట కుట్టుమిషను

నేను ఒక శిల్పాన్ని. రాతితోనో కంచుతోనో చేసింది కాదు నన్ను. కట్టకింద కాలనీని వరద ముంచి వెళ్ళాక, చెత్త ట్రాక్టర్లు ఎత్తుకెళ్ళిన తుక్కుతో తయారయ్యాను. వంగిన గేట్లు, ఫ్యాను రెక్కలు, ఒక ఫ్రిజ్ తలుపు. ఉపేంద్ర అనే శిల్పి వాటిని ఏరుకొచ్చి, వెల్డింగ్ పెట్టించి, చేతులు పైకెత్తిన మనిషిలా నిలబెట్టాడు. గుండె ఉండాల్సిన చోట ఒక కుట్టుమిషను అతికించాడు. ‘జలవిలాపం’ అని పేరు పెట్టి ఊళ్ళోని ఆర్ట్ గ్యాలరీకి చేర్చాడు.

అక్కడికి వచ్చేవాళ్ళంటే నాకు మంట. చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకి వంచి, “అద్భుతం” అని నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పు పూర్తికాకముందే టీ ఎక్కడ ఇస్తున్నారో వెతుక్కునేవారు.

ఒకరోజు ఆ కాలనీ బడిపిల్లల్నే తీసుకొచ్చారు. పిల్లలు ముందు ముక్కులు మూసుకున్నారు. “ఛీ, బురద కంపు!” అన్నాడొకడు. ఇంకొకడు నా కాలిమీద తన్నాడు. తరవాత ఒక పిల్ల ఫ్యాను రెక్కను చూపిస్తూ, “ఇది పాస్టరుగారింట్లోది కదే?” అంది. అంతే, నవ్వులు ఆగిపోయాయి. నన్ను ఎగాదిగా చూడటం మొదలుపెట్టారు. దొంగను పట్టుకున్నవాళ్ళ చూపు అది.

సువార్త అనే ఆరో తరగతి పిల్ల నా చుట్టూ అడ్డంగా కట్టిన తాడు దాటి వచ్చి కుట్టుమిషను చక్రం పట్టుకుంది. దానిమీద గోళ్ళరంగుతో వేసిన ఎర్రటి శిలువ గుర్తు ఉంది.

“ఇది మా అమ్మ మిషను. ఇచ్చెయ్యండి సార్.”

పిల్లలకి నన్ను చూపించడానికి వచ్చిన ఉపేంద్ర నవ్వుతూ వంగాడు. “అది ఇప్పుడు మిషను కాదమ్మా. మీ బాధకి ప్రతీక.”

“ప్రతీకంటే కుట్టదా?”

నవ్వు పోయింది ఆయన మొహంలో. “మీరు రోడ్డుమీద పారేస్తేనే కదా నేను తెచ్చుకున్నాను!”

“పారెయ్యలేదు! నీళ్ళు తీశాక మా అమ్మ కిరసనాయిలేసి తుడిచి, ఎండలో ఆరబెట్టుకుంది. అన్నం తిని వచ్చేసరికి ట్రాక్టరోళ్ళు ఎత్తుకుపోయారు.”

వెంట వచ్చిన టీచరు వసుంధర ఆ పిల్ల రెక్క పట్టుకుని లాగింది. “నోర్ముయ్! సార్‌కి సారీ చెప్పు.”

సువార్త చెప్పలేదు. చక్రం వదల్లేదు. మిగతా పిల్లలు తాడు తెంపేసి నా చుట్టూ చేరారు. బొమ్మలు వెయ్యమని ఇచ్చిన కాగితాలను ఉండలు చేసి ఉపేంద్ర మీదికి విసిరారు. అన్నాళ్ళలో నన్ను చూసి నిజంగా ఏదో అనిపించింది ఆ పిల్లలకే. వాళ్ళకి నేనంటే అసహ్యం. నాకు అది న్యాయంగానే తోచింది.

చివరికి తల్లికి కబురు వెళ్ళింది. మెళ్ళో కొలతల టేపుతోనే పరుగున వచ్చింది దీనమ్మ. ఎవరినీ బతిమాలలేదు. “కొయ్యండి,” అంది ఉపేంద్రతో. చూడ్డానికి వచ్చినవాళ్ళు అప్పటికే ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఆ ఫోన్లను చూసి ఆయన పళ్ళు కొరుక్కుంటూ వెల్డర్‌ని పిలిపించాడు.

నిప్పురవ్వలు ఎగిరాయి. మిషను ఊడి వచ్చింది. దీనమ్మ నేలమీద కూర్చుని చక్రం తిప్పింది. కదల్లేదు. రెండు చేతులతో తిప్పింది. అతికించినప్పటి వేడికి లోపలి ఇరుసు బిగుసుకుపోయింది.

“ఇంక కుట్టదే సువార్తా. ఇనుమైపోయింది.”

“కుట్టకపోతే మానె. ఇక్కడ మాత్రం వద్దు,” అంది పిల్ల.

తల్లీకూతుళ్ళు దాన్ని చెరో పక్క పట్టుకుని మెట్లు దిగారు. పిల్లలంతా వాళ్ళ వెనకే వెళ్ళారు. వసుంధర పిలుస్తూనే ఉంది, ఒక్కరూ తిరిగి చూడలేదు.

నా రొమ్ముకు పడిన కంతను ఉపేంద్ర పూడ్చలేదు. నాకు ‘శూన్యం’ అని కొత్త పేరు పెట్టాడు. ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువమంది వస్తున్నారు. కంత ముందు నిలబడి, అందులో ఎంత లోతుందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

లోతేమీ లేదు. అది దీనమ్మ బతుకుతెరువు ఉండిన చోటు.