వెనకద్దం మీద ఎర్ర ఎల్

లైసెన్సు చేతికొచ్చి ఇంతకాలమైనా వెనకద్దం మీద ఆ ఎర్ర ఎల్ పీకదేం ఈ పిల్ల, గారాలు పోవడానికి కాకపోతే, అది చూసి దారినపోయే వాళ్ళంతా పాపం నేర్చుకుంటోంది అని పక్కకి తప్పుకోవాలి, తప్పుకుని మెచ్చుకోవాలి, పైగా ఆ ఎల్ నేను కొన్నది, గవర్నర్‌పేటలో నా చేత్తో ఏరి కొన్నది, డ్రాయర్లో ఊరికే పడుంది గదక్కా నేనంటించుకోనా అని సాయిశ్రీ అడిగితే దానికేం తీసుకో అన్నాను, అలా అన్న నా నోరు నేనే నొక్కేసుకోవాల్సింది, ఇప్పుడు చూడు, నా మరిది భార్య, నాకంటే పదేళ్ళు చిన్నది, నా ఎల్ అంటించుకుని నా కారు నడుపుతోంది, నేను వెనక సీట్లో మా అత్తగారు రావమ్మగారి పక్కన మోపిదేవి ప్రసాదం సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, మా ఆడపడుచు మనవడి పుట్టువెంట్రుకలు తీయించి ఇంటికి వెళుతున్నాం, పొద్దున వచ్చేటప్పుడే నడుం పట్టేసిందని మా ఆయన స్టీరింగు వదిలేసి ముందు సీట్లో దిండు పెట్టుకుని కూలబడ్డారు, భేష్ సాయీ, క్లచ్ ఎంత నిదానంగా వదిలావో చూడు, అదీ పద్ధతి, అంటున్నారు, ఇరవై ఏళ్ళు వండిపెట్టినందుకు నాకు దక్కిన మెచ్చుకోలు ఉప్పు సరిపోయింది అన్న ఒక్క మాట, క్లచ్ వదిలితే భేష్ అంటారని తెలిస్తే నేను కూడా ఎప్పుడో వదిలేదాన్ని.

ఎడమ పక్క కృష్ణ, ఎండ వాలి నీళ్ళ మీద సాగుతోంది, అవతల లంకల్లో అరటి తోటలు, ఈ కరకట్ట మీద ఇలా ఒక్కదాన్నీ నడుపుకుంటూ రావాలన్నది నా కోరిక, ఎక్కడ బాగుంటే అక్కడ ఆపుకుని నీళ్ళ దగ్గర కాసేపు కూర్చుని ఎవరికీ చెప్పకుండా తిరిగి వెళ్ళాలని, ఎక్కడికైనా తీసుకెళ్తారా అని అడిగినప్పుడల్లా ఆటోనగర్ కొట్లోంచి వచ్చి అలిసిపోయిన ఆయన వస్తాలే అంటూ విడిచే ఆ నిట్టూర్పు ఇక జన్మలో వినకూడదని, అందుకే కదా పోరి పోరి ఈ కారు కొనిపించింది, ఇప్పుడేమయింది, ఆయన్ని అడగడం పోయి ఈ పిల్లని అడగడం వచ్చింది, సాయీ ఇక్కడ ఒక్క నిమిషం ఆపవా అనాలి, అననుగాక అనను, నది వెళ్ళిపోతే వెళ్ళిపోనీ.

నేను మొదలుపెట్టలేదా ఏమిటి, పెట్టాను, కారు కొన్నప్పుడు ఆషాఢం, ఆషాఢంలో కొత్త పని ఎందుకులే అనుకున్నాను, తర్వాత మూఢం వచ్చింది, తర్వాత మా అమ్మాయి పరీక్షలు, తర్వాత ఎండలు, ఈలోపు ఎల్ఎల్ఆర్ గడువు తీరిపోతే మళ్ళీ తీయించుకున్నాను, అదీ పట్టుదలే కదా, మళ్ళీ మూఢం అన్నారు, ఎందుకైనా మంచిదని మా హనుమయ్య పంతులుగారి దగ్గరికి వెళ్ళాను, డ్రైవింగ్ నేర్చుకోడానికి మూఢంతో పనేంటమ్మా, రేప్పొద్దున్నే వెళ్ళండి, అన్నాడాయన నవ్వుతూ, నాకు గుండె గుభేలుమంది, రేపా, కాదు పంతులుగారూ, నా నక్షత్రం కూడా కలిపి సరిగ్గా చూడండి అని పట్టుబట్టాను, ఆయన విసిగి విసిగి, సర్లేమ్మా, మాఘంలో దశమి బాగుంది, అన్నాడు, హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చాను, ఆ దశమి రానే వచ్చింది, చెప్పులేసుకుని గుమ్మం దాటబోతుంటే మా అత్తగారు తుమ్మారు, ఏందమ్మా మాణిక్యం, జలుబు చేసిందే నాకు, నువ్వెళ్ళు, అని ఆవిడే అంటున్నా నేను మాత్రం చెప్పులు విప్పేసి చక్కా వచ్చి కాఫీ పెట్టుకున్నాను, ఆ కాఫీ ఎంత కమ్మగా ఉందో నాకింకా గుర్తే.

ఈ సాయిశ్రీ మాత్రం మూఢంలోనే మొదలుపెట్టింది, పంతులూ లేడు పంచాంగమూ లేదు, బండి కదలకుండా పడుంటే బ్యాటరీ దిగిపోద్ది, సాయి తిప్పుద్దిలే అని మా ఆయన తాళం ఇచ్చేశారు, నా కారు తాళం, మూడో రోజునో నాలుగో రోజునో తీసుకొచ్చి మా అపార్టుమెంటు గేటు స్తంభానికి కొట్టింది, వాచ్‌మన్ సొలొమోను అమ్మో అమ్మో అంటూ కుర్చీలోంచి దూకాడు, బాల్కనీలన్నీ నిండిపోయాయి, నేను కూడా పైనుంచి చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను, ఎంత హాయిగా ఉందో, ఇక దీని పని అయిపోయింది, సిగ్గుతో నెల రోజులు గుమ్మం దిగదు అనుకున్నాను, మర్నాడు పొద్దున్నే అదే గేటులోంచి అదే సొట్టబంపరుతో బయటికి పోయింది, సొలొమోను ముందే లేచి గేటు బార్లా తీసి గోడకి అతుక్కుని నుంచున్నాడు, ఇది వాడికి చెయ్యి కూడా ఊపింది, ఆ చెయ్యి ఊపడం చూశాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు.

ఇదుగో ఎదురుగా చెరుకు ట్రాక్టరు, కట్ట నిండా అదే, పక్కకి తప్పుకునే చోటు లేదు, ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, వాడు పోడు, హారన్ మోగిస్తున్నాడు, ఇప్పుడు తెలుస్తుంది భేష్ అంటే ఏమిటో, స్వామీ సుబ్రహ్మణ్యేశ్వరా, ఎవరికీ ఏమీ కాకూడదు, కారుకి మాత్రం ఒక్క గీత పడనీ, పొడుగ్గా, అందరికీ కనిపించేలా, నా కారే అయినా సరే, బావగారూ మీరు ఎడం పక్క చూడండి, అక్కా మీరు వెనక్కి చూసి చెప్పండి, అంటూ ఇది రివర్సు వేసింది, ఇంజను ఆగిపోయింది, మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఆగింది, ట్రాక్టరు వాడు పైనుంచి తల వంచి ఎందుకమ్మా మీకియ్యన్నీ, మగోళ్ళకియ్యొచ్చుగా అని అరిచాడు, ఇది కిటికీలోంచి తల బయట పెట్టి, నేర్చుకోకపోతే ఎట్టా వస్తదండీ, కాస్త ఆగండి, ఇంటి కాడ పన్లేం ఆగిపోవులే, అంది, వాడు నవ్వేశాడు, నేను రా రా అంటున్నాను, తిన్నగా రా, కుడికి, చాలు, చెప్పకుండా ఊరుకుంటే గీత పడేదే, నోరు మాత్రం దానంతటదే చెబుతోంది, వంగి చూస్తుంటే దాని మెడ వెనక జాకెట్టు తడిసి అంటుకుపోయి ఉంది, గేరు మీద చెయ్యి వణుకుతోంది, బాగా వణుకుతోంది, గాజులు చప్పుడయ్యేంత.

అలా వెనక్కి పోతూ ఇసుక లారీలు ఆపుకునే ఖాళీ జాగా రాగానే కారు పక్కకి తీసి ఆపింది, ట్రాక్టరు దాటిపోయింది, ఒక్క నిమిషం అక్కా, అంది, దిగి నీళ్ళు తాగింది, నేను కూడా దిగాను, అంత భయమేస్తోందా నీకు ఇంకా, అని అడిగాను, రోజూ వేస్తది అక్కా, పొద్దున తాళం పట్టుకుంటే చాలు కడుపులో తిప్పుద్ది, నడపటం మొదలెట్టినాక కాస్త తగ్గుద్ది, మళ్ళీ రేప్పొద్దున మామూలే, అంది, అంటే భయం పోలేదా, దీనికి లేదని కదా నేను ఇన్నాళ్ళూ కుళ్ళి చచ్చింది, పుట్టుకతోనే ధైర్యం తెచ్చుకున్న మనిషని కదా, నా కడుపులో తిప్పేదీ అదే, నేను దానికి ఆషాఢమనీ మూఢమనీ తుమ్మనీ పేర్లు పెట్టుకున్నాను, మరి ఆ ఎల్ ఎందుకు పీకలేదే ఇంకా, అన్నాను, గొంతులో ఉక్రోషం నాకే వినిపించింది, అది వెనకద్దం వైపు చూసి, అయ్యో, అది మీది గదక్కా, నేను తీసేస్తే మళ్ళీ మీరు కొనుక్కోవాలి, మీరు నేర్చుకునేటప్పుడు పనికొస్తదని ఉంచా, అంది, ఎగతాళి లేదు, ఏమీ లేదు, నీళ్ళ సీసా మూత బిగిస్తూ అంది.

తాళం ఇటివ్వు అన్నాను, అంతకుముందు ఆ మాట అనాలనుకోలేదు, ఈ ఖాళీ జాగాలోనే, రోడ్డు మీదికి పోనులే అన్నాను, మా ఆయన దిండు పట్టుకుని సగం లేచి ఇప్పుడా అన్నారు, అత్తగారు ఆదివారం సాయంత్రం, రాహుకాలమే తల్లీ అన్నారు, ఆవిడకి జలుబు కూడా చేసినట్టుంది, తుమ్మితే తుమ్మనీ, మా ఆయన దిండుతో సహా వెనక సీట్లోకి మారారు, సాయిశ్రీ పక్క సీట్లోకి వచ్చి క్లచ్ పూర్తిగా తొక్కండక్కా అంది, తొక్కాను, తాళం తిప్పి కాలు ఒక్కసారిగా వదిలేశాను, కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది, ప్రసాదం సంచీ సీటు మీంచి కింద పడింది, అందరూ నవ్వారు, మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వి అమ్మో నడుం అన్నారు, నవ్వితే ఏమవుతుందో ఇన్నేళ్ళూ తెలియలేదు, ఏమీ కాలేదు, నది అక్కడే ఉంది, భయం కూడా ఎక్కడికీ పోలేదు, నేను కాచుకు కూర్చున్నది మంచి రోజు కోసం కాదు, ఈ భయం లేని రోజు కోసం, ఆ రోజు ఏ పంచాంగంలోనూ లేదు, సాయిశ్రీకి కూడా రాలేదు, మళ్ళీ తాళం తిప్పాను.